మందార కూడా తవ్వుతుంది కదా?

పెరటి ప్రశ్నలు: పాఠకుల ఉత్తరాలకు జవాబులు

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మాది విశాఖపట్నం, మర్రిపాలెం. మా మనవరాలు ఏడో తరగతి చదువుతోంది. “మీ ఇంటి ఆవరణలో ఉండే ఒక జంతువునీ ఒక మొక్కనీ పోల్చండి, కనీసం పది తేడాలు రాయండి” అని బళ్ళో ప్రాజెక్టు ఇచ్చారు. మా పెరట్లో ఎర్ర రేకమందారం ఉంది, దాని మొదట్లో ఒక పందికొక్కు బొరియ చేసింది. పిల్ల ఆ రెండింటినే పట్టుకుంది. జంతువు కదులుతుంది, మొక్క కదలదు. జంతువు తింటుంది, మొక్క వండుకుంటుంది అని నాలుగు చెప్పేసరికి నా సరుకు అయిపోయింది. పందికొక్కు తవ్వుతుంది అని రాయవే అంటే, “మామ్మా, మందార కూడా తవ్వుతుంది కదా?” అంది. దానికేం చెప్పాలో తెలీలేదు. పనిలో పని, ఆ పందికొక్కుని వదిలించుకునే దారి కూడా చెప్పండి. నీళ్ళు పోస్తున్నా చెట్టు మధ్యాహ్నానికల్లా వాడిపోతోంది.
– ఒక మామ్మ, మర్రిపాలెం

జవాబు: అమ్మా, ముందుగా నా పేరు చెప్పి ఆ పిల్లకి ఒక చాక్లెట్ కొనిపెట్టండి. ముప్పై నాలుగేళ్ళు వృక్షశాస్త్రం చెప్పాను, ఈ ప్రశ్న నన్ను ఒక్కరూ అడగలేదు. తేడాలు అనగానే నోటుబుక్కులో మధ్యకి గీత కొట్టి, ఎడమ పక్క ‘కదులును’, కుడి పక్క ‘కదలదు’ అని దింపేయడం అందరికీ అలవాటు. నేనూ అదే రాయించాను, అబద్ధమెందుకు.

మందార తవ్వుతుంది. రేయింబవళ్ళు తవ్వుతూనే ఉంటుంది. కాకపోతే పందికొక్కు మట్టిని తోడి బయట పోస్తుంది, మందార చిటికెడు మట్టి కూడా బయట పెట్టదు. ప్రాజెక్టులో మొదటి వాక్యంగా ఇదే రాయమనండి. మిగతావి దీని వెనకే వస్తాయి.

పందికొక్కు తవ్వుతుంటే నేను ఒకే ఒక్కసారి దగ్గరగా చూశాను. కరెంటు పోయిన రాత్రి, మా పెదవాల్తేరు ఇంట్లో పెరటి గడప మీద కూర్చుని ఉన్నాను, చేతిలో టార్చి. ముందుకాళ్ళ గోళ్ళతో మట్టి గీకి పొట్ట కిందికి లాక్కుంటోంది. వెనక కాళ్ళతో దాన్ని వెనక్కి తన్నుతోంది. మధ్యమధ్య ఆగి మీసాలు ఆడిస్తోంది. ఏదో వేరు అడ్డొచ్చినట్టుంది, పటుక్కుమని కొరికిన చప్పుడు వినిపించింది. అది నా మందార వేరే అని తెల్లారాక తెలిసింది. అయిదు నిమిషాల్లో బొరియ ముందు చిన్న దిబ్బ లేచింది. మన ఊరి ఎర్రమట్టి కాబట్టి పొద్దున్న చూస్తే ఎవరో పసుపూ సున్నం కలిపి పారాణి నీళ్ళు ఒలకబోసినట్టుంది.

ఇప్పుడు వేరు సంగతి. దానికి గోరు లేదు, పన్ను లేదు. కొనకి ఒక తొడుగు ఉంటుంది, దర్జీ వేలికి పెట్టుకునే టోపీ లాంటిది. ఆ తొడుగు వెనక కొన్ని మిల్లీమీటర్ల మేర కొత్త కణాలు పుడుతూ, నీళ్ళు పీల్చుకుని పొడుగ్గా సాగుతుంటాయి. ఆ సాగుడే దాని తోపు. మట్టిరేణువుల మధ్య సందు దొరికితే దూరుతుంది, లేకపోతే మెల్లగా ఒత్తి సందు చేసుకుంటుంది. తొడుగు రాపిడికి అరిగి పొరలు పొరలుగా రాలిపోతుంది, లోపలి నుంచి కొత్తది వస్తుంది. పైగా జారుడుకి జిగురు. బెండకాయ కోసినప్పుడు చేతికంటే జిగురు తెలుసుగా, అలాంటిది. బెండ, పత్తి, మన గోంగూర, అన్నీ మందార చుట్టాలే. గోంగూర అయితే మరీ దగ్గర, ఒకే ప్రజాతి. నమ్మకపోతే గోంగూరని కోయకుండా పూతకి వదిలేసి ఆ పువ్వుని మందార పక్కన పెట్టి చూడండి.

చీకట్లో తవ్వే రెంటికీ ఒకే చిక్కు ఉంది: ఏది పైన, ఏది కింద? వేరు తొడుగులోని కణాల్లో బరువైన పిండిరేణువులు ఉంటాయి. అవి ఏ పక్కకి జారి కూర్చుంటే అదే కింద. పందికొక్కుకి, మీకూ నాకూ కూడా, లోపలి చెవిలో సన్నటి సున్నపు రేణువులు ఉంటాయి. మనం తల వంచితే అవి వాటి బరువుతో ఒరుగుతాయి, తల ఎటు వాలిందో మెదడుకి తెలుస్తుంది. ఒకదానికి పిండి, ఒకదానికి సున్నం. క్లాసులో ఈ రెండూ చెప్పాను గానీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఎప్పుడూ చెప్పలేదు. మొదటిది బోటనీ వాళ్ళది, రెండోది జువాలజీ వాళ్ళది, మధ్యలో వరండా.

ఊపిరి దగ్గర పిల్ల జాగ్రత్తగా ఉండాలి. గైడు పుస్తకాల్లో ‘జంతువు ఆక్సిజన్ పీల్చును, మొక్క కార్బన్ డయాక్సైడ్ పీల్చును’ అని ఉంటుంది. సగం తప్పు. మందార పగలూ రాత్రీ పందికొక్కు లాగానే ఆక్సిజన్ పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. కాకపోతే ఎండలో ఆకులు వంట మొదలుపెట్టాక వదిలే ఆక్సిజన్ అంతకంటే చాలా ఎక్కువ, అందుకని ఇది పైకి కనపడదు. వేళ్ళకి ఎండ లేదు, వంట లేదు. అవి మట్టి సందుల్లోని గాలే పీల్చాలి. నీళ్ళు నిలిస్తే చెట్టు చచ్చేది అందుకే: దాహం తీరక కాదు, ఊపిరాడక.

పళ్ళ సంగతి చూద్దాం. మన పళ్ళు ఒక కొలతకి వచ్చి ఆగిపోతాయి. పందికొక్కు ముందుపళ్ళు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. ఏదో ఒకటి కొరికి అరగదీసుకోకపోతే నోరు మూసుకోలేదు. అది మీ ప్లాస్టిక్ బకెట్ అంచు కొరికిందంటే ఆకలి వేసే కాదు. మందారలో ప్రతి కొమ్మ చివరా అలా ఆగని పెరుగుదలే. దాన్ని మనం కత్తిరించాలి. చివర తుంచేస్తే ఆ చివర నుంచి కిందికి వచ్చే ‘మీరు ఆగండి’ అన్న హార్మోను ఆగిపోతుంది, పక్క మొగ్గలు లేస్తాయి. పూలు కొత్త చిగురు మీదే వస్తాయి కాబట్టి కత్తెర వేసిన చెట్టే ఎక్కువ పూస్తుంది. మా ఆవిడ ఇది నమ్మదు. నేను కత్తెర పట్టుకుంటే చాలు, పసిపిల్లకి గుండు కొట్టిస్తున్నట్టు చూస్తుంది.

రెండింటికీ ఉన్నవి ఏమిటని బళ్ళో అడిగితే: కణం, కణంలో కేంద్రకం, అందులో డీఎన్‌ఏ, శక్తినిచ్చే మైటోకాండ్రియా. మందారకి మాత్రమే ఉన్నవి కణకవచం, పత్రహరితం. ఇది పుస్తకంలో ఉన్నదే, నేను సాగదీయను. ప్రయోగం ఒకటి చేస్తే మాత్రం మార్కులు పడతాయి. నాలుగు రేకులు వేణ్ణీళ్ళలో నానబెట్టి, ఆ రంగునీళ్ళు రెండు గిన్నెల్లో పోసి, ఒకదాంట్లో నిమ్మరసం, ఒకదాంట్లో వంటసోడా వేయమనండి. మొదటిది ముదురు గులాబీ, రెండోది ఆకుపచ్చ. పందికొక్కుతో ఇలాంటి ప్రయోగాలు వద్దు.

ఇక మీ చెట్టు ఎందుకు వాడుతోంది? పందికొక్కు వేళ్ళని కొరకడం ఒక్కటే కారణం కాదు. నీళ్ళు పీల్చేది లావు వేళ్ళు కాదు, కొనల దగ్గర ఉండే మూలకేశాలు. ఒక్కోటి ఒక్కటే కణం, మట్టిరేణువుని అంటుకుని ఉంటుంది. కింద మట్టి పోయి బొరియ పడితే ఆ వెంట్రుకలు గాల్లో వేలాడతాయి, గంటల్లో ఎండిపోతాయి. పొద్దున్న చెట్టు బాగానే ఉంటుంది, పన్నెండు దాటాక ఆకులు అడిగినన్ని నీళ్ళు కింద నుంచి రావు. మీరు పోసే నీళ్ళు కూడా చెట్టుకి చేరుతున్నాయని నమ్మకం లేదు. పదేళ్ళ కిందట నేను మందార పాదులో పైపు పెట్టి పేపరు చదువుకుంటున్నాను. అరగంటైనా పాదు నిండలేదు. వేసవిలో భూమి తాగేస్తోందిలే అనుకున్నాను. ఇంతలో గోడ అవతల నుంచి కేక: “మాస్టారూ, మా వంటింటి గచ్చు సందుల్లోంచి నీళ్ళొస్తున్నాయండీ!” ప్లంబరు వచ్చి రెండు చోట్ల గచ్చు పగలగొట్టి పైపు లీకు అన్నాడు, డబ్బు తీసుకున్నాడు, వెళ్ళిపోయాడు. లీకు మా మందార పాదులో ఉందని చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. తెలిసింది మొదటి రోజే.

చివరికి గోడ పనికి వచ్చిన తాపీమేస్త్రి చూసి నవ్వాడు. శ్రీకాకుళం వైపు మనిషి, చిన్నప్పుడు వరిగట్ల మీద పందికొక్కుల్ని పట్టినవాడు. మట్టికుప్ప చూపించి “ఇది సింహద్వారమండి, లోపలున్నప్పుడు మట్టెట్టి మూసేసుకుంటాది” అన్నాడు. తర్వాత నాలుగు బారల దూరంలో ఏమీ లేని చోట మడమతో తన్నాడు, మట్టి బుస్సుమని లోపలికి దిగిపోయింది. “ఇదేమో దొంగదారి. పైన బెత్తెడు మట్టి ఒగ్గేస్తాది. మనం అటు తవ్వితే ఇటు నెత్తితో గుద్దుకుని పారిపోతాది బాబూ.” కోతలప్పుడు ఒక్కో బొరియలో కుంచెడు గింజలు పడే ఎన్నులు తీసేవాళ్ళమని కూడా చెప్పాడు. మందారకీ గిడ్డంగి ఉంది గానీ దాన్ని విడిగా కట్టుకోదు. చేసుకున్న పిండి కాండంలో, వేళ్ళలో, తన ఒంట్లోనే దాచుకుంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి మీద పడ్డప్పుడు మా మందారకి ఒక్క ఆకు మిగల్లేదు, పక్కనున్న నేరేడు వేళ్ళతో సహా పడిపోయింది. మందార మాత్రం ఆ దాచుకున్నదాంతోనే మళ్ళీ చిగురేసింది.

వదిలించుకునే దారి అడిగారు. ముందు చేయకూడనివి. పిల్ల తిరిగే ఇంట్లో ఎలుకల మందు పేస్టు వద్దు. పసుపు భాస్వరం ఉన్న పేస్టు మనిషి కాలేయాన్ని తినేస్తుంది. మందు తిని చచ్చిన ఎలుకని తిన్న పిల్లికీ గుడ్లగూబకీ కూడా కొన్ని మందులు ఎక్కుతాయి. బొరియలో వట్టి చెయ్యి పెట్టకండి, వానాకాలం అసలే వద్దు. ఎలుకల మూత్రం కలిసిన తడి మట్టి, నీళ్ళు తగిలితే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం రావచ్చు, కాలి మీద చిన్న పుండు ఉన్నా చాలు. రబ్బరు తొడుగులు, బూట్లు వేసుకుని దిగండి.

చేయాల్సింది: పెద్ద బోను తెచ్చి, తలుపు ఎత్తి కట్టేసి, లోపల ఎండుచేప ముక్కో కొబ్బరి ముక్కో పెట్టి మూడు నాలుగు రాత్రులు ఊరికే వదిలేయండి. కొత్త వస్తువంటే దానికి అనుమానం జాస్తి. అలవాటు పడి తింటోందని తెలిశాక తలుపు కట్టు విప్పండి. అది పోయాక బొరియలన్నీ, ముఖ్యంగా ఆ దొంగదారి, ఇటుక ముక్కలూ తడిమట్టీ కూరి దిమ్మిస చేయించండి. గోడ వారన బొరియ ఉంటే సిమెంటు. చెట్టుని మూడో వంతు కత్తిరించండి, వేళ్ళు తగ్గాయి కాబట్టి ఆకులూ తగ్గాలి. రాత్రిపూట అంట్లు, చెత్తబుట్ట పెరట్లో ఉంచకండి. ఇంత చేసినా ఇంకోటి రాదని నేను హామీ ఇవ్వను. కడుపుతో మూడు వారాలు దాటితే ఈనేస్తుంది, ఒక్కో ఈతకి ఆరేడు పిల్లలు సాధారణం, మూడు నెలలకి ఆ పిల్లలూ ఈనే ఈడుకి వస్తాయి.

పిల్లకి ఒక పని అప్పజెప్పండి. కత్తిరించిన కొమ్మల్లో పెన్సిలు లావున్నది ఒకటి తీసి, కింది ఆకులు గిల్లి, గాజుసీసాలో నీళ్ళు పోసి పెట్టమనండి. సీసాకి నల్లకాగితం చుట్టి, రెండు రోజులకోసారి నీళ్ళు మార్చాలి. నాలుగైదు వారాల్లో తెల్లటి వేళ్ళు దిగుతాయి. కాగితం తీసి వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే కొన దగ్గర తొడుగు లీలగా కనిపిస్తుంది. భూతద్దం ఉంటే మరీ మంచిది. ఆ బొమ్మ వేసి, పక్కన పందికొక్కు ముందుకాలి బొమ్మ వేయమనండి. పది తేడాలు లేవని టీచరుగారు మార్కులు తగ్గిస్తే నాకు రాయండి, ఆవిడకి వేరే ఉత్తరం రాస్తాను.

ప్రశ్న: పందికొక్కు అనే మాట ఇంగ్లీషులోకి మన తెలుగు నుంచే వెళ్ళిందని మా నాన్న అంటారు. నెట్‌లో బాండికూట్ అని కొడితే ఆస్ట్రేలియాలో ముక్కు పొడుగున్న జంతువేదో వస్తోంది. ఏది నిజం?
– ఇంటర్ విద్యార్థి, గాజువాక

జవాబు: మీ నాన్నగారిదే నిజం. పంది, కొక్కు కలిస్తే పందికొక్కు. కొక్కంటే పెద్ద ఎలుక. తరిమితే పందిలా గుర్రుమంటుంది కాబట్టి ఆ పేరు. తెల్లవాళ్ళు దాన్ని బాండికూట్ చేసుకున్నారు, తర్వాత ఆస్ట్రేలియాలో కనిపించిన వేరే జంతువుకి అదే పేరు తగిలించారు. అది కంగారూలా పొట్టసంచిలో పిల్లల్ని పెంచే రకం, ఎలుకకి ఏమీ కాదు. మన అసలు పందికొక్కుకి శాస్త్రనామం 1873లో బాండికోటా అని పెట్టారు, అంటే లాటిన్ వేషం వేసుకున్న తెలుగు మాట. కేరళలో మ్యాన్‌హోళ్ళు శుభ్రం చేసే రోబోకి కూడా బాండికూట్ అనే పేరు పెట్టుకున్నారు.

మందారది తలకిందులు కథ. మొక్క మనింటిది అనుకుంటాం, పేరు మాత్రం అరువు. సంస్కృతంలో మందారమంటే దేవతల చెట్టు. ఈ పువ్వుని జపా అన్నారు. మన పాత తెలుగు మాట దాసాని. కన్నడంలో దాసవాళ అని ఇప్పటికీ వాడుకలో ఉంది, మనం వదిలేశాం. మొక్కలకి శాస్త్రనామాలు పెట్టిన లిన్నేయస్ 1753లో దీనికి పెట్టిన పేరుకి అర్థం ‘చీనా గులాబీ’. గులాబీ కానే కాదు.

ప్రశ్న: మా మందార ఏడాది పొడుగునా పూస్తుంది, ఒక్క కాయా కాయదు. రోగమా?
– గృహిణి, పెందుర్తి

జవాబు: రోగం కాదు. తోటల్లో పెంచే రకాలు తరతరాలుగా సంకరం చేసినవి, చాలావాటిలో క్రోమోజోముల లెక్క చిక్కుపడి గింజ కట్టడం అరుదు. పువ్వు మధ్య నుంచి పొడుచుకొచ్చే గొట్టం చుట్టూ పుప్పొడి, చివర అయిదు ఎర్రటి బొడిపెలు, సరంజామా అంతా ఉంది. తేనెపిట్ట రోజూ వస్తుంది. అయినా పువ్వు ఒక్క పూట ఉండి, ముడుచుకుని రాలిపోతుంది.

అందుకే మందారని కొమ్మతోనే పెంచుతాం. పందికొక్కు ఈనిన ఏడు పిల్లలూ ఏడు వేరువేరు జీవులు. కొమ్మ నాటిన మందార మాత్రం పాత చెట్టే, కొత్త చోట. మా పెరట్లోది మా అత్తగారు భీమిలి నుంచి తడిగుడ్డలో చుట్టి బస్సులో తెచ్చిన కొమ్మ. భీమిలిలోని చెట్టు హుద్‌హుద్‌కి గోడతో పాటు పోయింది. మా ఆవిడ మొన్న మా దాని కొమ్మ ఒకటి పట్టుకెళ్ళి అక్కడ నాటుదామంది. వెళ్ళాం. ఆ చోట ఇప్పుడు స్కూటర్లు పెడుతున్నారు. కొమ్మ తిరిగి తెచ్చి సీసాలో పెట్టాం.